ఆయన రెండుసార్లు వంగాడు

యోహాను సువార్తలో ఏడో అధ్యాయం ముగిసి ఎనిమిదోది మొదలయ్యే చోట ఒక చిన్న ఘట్టం ఉంది. అన్నీ కలిపి పన్నెండు వచనాలు. కృప, సత్యం ఒకే మనిషిలో ఎలా కాపురం చేస్తాయో చూడాలనిపించినప్పుడు నేను మొదట తెరిచేది ఆ పుటే.

తెల్లవారింది. రాత్రి ఒలీవల కొండ మీద గడిపిన యేసు యెరూషలేము దేవాలయానికి వచ్చి కూర్చున్నాడు. జనం చుట్టూ చేరారు. బోధ సాగుతోంది. ఇంతలో శాస్త్రులూ పరిసయ్యులూ ఒక స్త్రీని పట్టుకొచ్చి అందరి నడుమ నిలబెట్టారు. వ్యభిచారం చేస్తూ దొరికిపోయిందన్నారు. ఇలాంటివాళ్లను రాళ్లతో కొట్టమని మోషే ఆజ్ఞ ఉంది, నీ మాటేమిటని అడిగారు. ఆయన ఏమీ అనలేదు. వంగి, వేలితో నేల మీద రాస్తూ ఉండిపోయాడు. వాళ్లు వదల్లేదు. అప్పుడు లేచి, తనలో పాపం లేదనుకున్నవాడు ముందుకొచ్చి మొదటి రాయి వేయవచ్చన్నాడు. మళ్లీ వంగాడు, మళ్లీ రాశాడు. ముందు పెద్దవాళ్లు, వాళ్ల వెనక మిగిలినవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఆయనా ఆమే మిగిలారు. నీకు శిక్ష వేసినవాళ్లెవరూ లేరా అని అడిగాడు. లేరంది. తానూ వేయనన్నాడు. ఇక మీద పాపం జోలికి పోవద్దని చెప్పి పంపించాడు.

కథ ఇంతే. ఇందులో అద్భుతకార్యం లేదు. గుడ్డివాడికి చూపు రాలేదు, రొట్టెలు పెరగలేదు, గాలి అణగలేదు. ఒక మనిషి వంగాడు, లేచాడు, మళ్లీ వంగాడు, మళ్లీ లేచాడు. క్రైస్తవ ధర్మం తన సారమంతా ఆ నాలుగు కదలికల్లో చెప్పేసిందని నా నమ్మకం.

మామూలుగా మనం కృపనూ సత్యాన్నీ త్రాసులో రెండు తట్టల్లా ఊహించుకుంటాం. ఒకటి దిగితే ఒకటి తేలుతుందనీ, ముల్లును మధ్యలో నిలబెట్టగలిగినవాడే మంచి విశ్వాసి అనీ అనుకుంటాం. ఈ ఘట్టంలో ఆ కొలత పనికిరాదు. ఇక్కడ సత్యం పలికిన మాటే కృప చూపించింది. కృపతో వంగిన నడుమే సత్యాన్ని బయటపెట్టింది. రెంటినీ విడదీయబోయామా, దృశ్యం మన చేతుల్లోనే ముక్కలవుతుంది. అది ఎలా కుదిరిందో నెమ్మదిగా చూడాలి.

ముందు ఉచ్చు సంగతి. అడిగినవాళ్లకు ఆ స్త్రీతో పని లేదు. యేసు కొట్టమంటే, మరణశిక్ష అధికారాన్ని తన చేతిలో పెట్టుకున్న రోమా ప్రభుత్వానికి విరోధి అవుతాడు. పాపుల ఇళ్లలో భోంచేసే బోధకుడన్న పేరూ పోతుంది. వద్దంటే మోషేను కాదన్నవాడవుతాడు. కృపను ఒక పక్కన, సత్యాన్ని ఒక పక్కన పెట్టి, ఏదో ఒకటి ఎంచుకోమన్నారన్నమాట. ఆ అల్లికలో ఒక కన్నం ఉంది. లేవీయకాండం చూసినా ద్వితీయోపదేశకాండం చూసినా, ఈ నేరానికి స్త్రీపురుషులిద్దరికీ ఒకే శిక్ష. చేస్తూ దొరికిందంటున్నారు, అది ఒక్కరే చేసే పని కాదు కదా. ఆ పురుషుడేడీ? సువార్తికుడు ఆ ప్రశ్న వేయడు. వేయకపోవడంలోనే అతని శిల్పం ఉంది. రాని ఆ మనిషి ఆ ప్రాంగణమంతా నిండిపోతాడు. మాటకు అందని అర్థం మాట వెనకాల నుంచి మోగడాన్ని సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. ఈ పన్నెండు వచనాల్లో ధ్వని వాచ్యార్థం కంటే ఎక్కువ.

ఇక మొదటి వంగడం. అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. ఆమెను నడుమ నిలబెట్టింది కూడా అందరూ చూడాలనే. ఆ క్షణంలో ఆయన తన చూపును నేలకు దించాడు. ఏం రాస్తున్నాడోనని గుంపు చూపు ఆమె మీంచి జారి ఆయన వేలి మీదికి వెళ్లి ఉంటుంది. ఆ ఉదయం ఆమెకు దొరికిన మొదటి దయ అదే, కాసేపు ఎవరూ తనను చూడకపోవడం. ఒక్క వాదన చేయకుండా ఆయన ఆ కళ్లన్నిటినీ తన మీదికి తెచ్చుకున్నాడు. ఇదే సువార్త చివరికొచ్చేసరికి ఊరంతా చూస్తుండగా సిలువ మీద నింద మోసేదీ ఆయనే. ఆ పెద్ద కార్యానికి నాంది ఈ చిన్న వంగడంలో పడిందనిపిస్తుంది. పైగా ఆమె నిలబడి ఉంది, ఆయన నేలకు దగ్గరగా ఉన్నాడు. తీర్పు చెప్పమని పిలిచిన న్యాయమూర్తి ముద్దాయి కంటే కింద ఉన్నాడు.

ఏం రాశాడు? పూర్వపు వ్యాఖ్యాతలు ఊరుకోలేకపోయారు. నింద మోపినవాళ్ల పాపాలే వరసపెట్టి రాశాడన్న వ్యాఖ్య జెరోము కాలం నుంచీ ఉంది. ఇప్పటికీ మన ప్రసంగీకులకు అదంటే ఇష్టం. నాకది రుచించదు. ఒకరి తప్పును పదిమంది నడుమ పెట్టడమే కదా వాళ్లు చేసిన పని. ఆయనా అదే చేస్తే ఇక తేడా ఏముంది? అక్షరాలు ఏమిటో సువార్తికుడు చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలో ఔచిత్యం ఉంది, దాన్ని మనం పూరించకూడదు.

తర్వాత వచ్చిన మాటను చాలామంది ధర్మశాస్త్రాన్ని పక్కకు నెట్టిన మాటగా తీసుకుంటారు. పాపం లేనివాడెవడూ ఉండడు కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదని అర్థం చెబుతారు. అది తేలిక చదువు. ద్వితీయోపదేశకాండం పదిహేడో అధ్యాయం తెలిసిన చెవులకు ఆ మాట మరోలా తగిలి ఉంటుంది. మరణశిక్ష పడ్డప్పుడు మొదటి చెయ్యి సాక్షులదే కావాలని అక్కడ ఉంది. ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ శిక్ష లేదు. ఇంకో రెండు అధ్యాయాలు దాటితే, అబద్ధ సాక్ష్యం చెప్పినవాడు ఎదుటివాడికి ఏ కీడు తలపెట్టాడో అదే కీడు అతనికి చేయాలని ఉంది. అంటే ఆ శాస్త్రం ప్రాణం తీయడాన్ని గుంపు చేతికి ఇవ్వలేదు. నింద మోపినవాడి చేతికే మొదట నెత్తురు అంటాలంది, ఆ నెత్తురుకు అతణ్నే జవాబుదారీ చేసింది. యేసు ధర్మశాస్త్రాన్ని కొట్టివేయలేదు. దాన్ని చివరి అక్షరం వరకూ చదివాడు. సగం సత్యం పట్టుకొచ్చినవాళ్లకు మిగతా సగం చూపించాడు. పూర్తి సత్యం ఎదురయ్యేసరికి అరచేతిలో రాయి బరువెక్కింది. కృప ఎక్కడో బయటి నుంచి వచ్చి శాస్త్రాన్ని ఆపిందని అనుకుంటాం గానీ, ఇక్కడ అది శాస్త్రం లోపలి నుంచే లేచి నిలబడింది.

నాకు అన్నిటికంటే ప్రియమైనది రెండో వంగడం. ప్రసంగాల్లో దాని ఊసు రాదు. అసలు అందమంతా అక్కడే ఉంది. మాట అన్నాక ఆయన అలాగే నిలబడి వాళ్ల మొహాల్లోకి చూసి ఉండవచ్చు. గెలిచినవాడు చూస్తాడు. ఎదుటివాడి నోరు మూతపడ్డాక ఆ మొహాన్ని చూడటంలో ఒక రుచి ఉంది. సభల్లో, టీవీ చర్చల్లో, అన్నదమ్ముల పంపకాల్లో మనమంతా ఆ రుచి మరిగినవాళ్లమే. ఆయన చూడలేదు. తల దించుకున్నాడు. ఎవరు ముందు కదిలారో, ఎవరి చేతిలోంచి రాయి జారిందో, ఎవరి మొహం పాలిపోయిందో చూడకుండా నేల మీద రాసుకుంటూ ఉన్నాడు. మొదటిసారి వంగి ఆమెకు ఏ మరుగు ఇచ్చాడో, రెండోసారి వంగి వాళ్లకూ అదే మరుగు ఇచ్చాడు. సిగ్గుపడ్డ మనిషి సిగ్గును ఎవరూ చూడకుండా ఇంటికి చేరే వీలు కల్పించాడు. ఆయన చెప్పిన సత్యం వాళ్లను గాయపరిచింది. ఆ గాయాన్ని ఆయన ప్రదర్శనకు పెట్టలేదు. ఈ దృశ్యంలో కృప ఒక్క స్త్రీకే దక్కిందని అనుకునేవాళ్లు ఈ రెండో వంగడం దగ్గర కాస్త ఆగాలి.

వెళ్లిపోయినవాళ్లను తక్కువ చేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఒక్క రాయీ పడలేదు. తనలో పాపం లేదని బొంకి విసరడానికి ఒక్కడు చాలు, ఆ ఒక్కడు లేడు. పెద్దవాళ్లు ముందు కదిలారంటే, ఎక్కువ కాలం బతికినవాళ్లకు తమ లెక్క తమకు ఎక్కువ తెలుసనే. ఈ కథను యూదుల కాఠిన్యానికీ క్రైస్తవుల కరుణకూ మధ్య పోటీలా చెప్పే అలవాటు మన వేదికల మీద ఉంది. అది అన్యాయం. యూదు పెద్దల సంప్రదాయాన్ని కూర్చిన మిష్నాలో, ఏడేళ్లకు ఒక్క మరణశిక్ష వేసినా ఆ న్యాయసభ వినాశకారి అన్న అభిప్రాయం ఉంది. డెబ్బై ఏళ్లకు ఒకటైనా అంతేనన్నాడు ఎలియాజరు బెన్ అజర్యా అనే పండితుడు. యేసు ఆ ప్రజల బిడ్డే. ఆ గ్రంథాలు వింటూ పెరిగినవాడే.

చివరి సంభాషణకు వద్దాం. అప్పటిదాకా అందరూ ఆమె గురించి మాట్లాడారు. ఆమెతో మాట్లాడిన మొదటి మనిషి ఆయన. ఎవరతను, ఎన్నాళ్ల నుంచి, ఎందుకిలా చేశావు అని ఒక్క ప్రశ్న లేదు. ఆమె కూడా తన పక్షాన ఏమీ చెప్పుకోలేదు. సువార్తికుడు ఆమెను ఏడిపించలేదు, కాళ్ల మీద పడేయించలేదు. కరుణరసాన్ని ఎంతైనా పిండుకోదగిన చోట ఒక్క కన్నీటిచుక్క లేదు. ఇంత నిగ్రహం మహాకవులకు గానీ పట్టుబడదు. ఆమె పలికింది రెండు మూడు మాటలు. ఆ కాస్త మాటలోనే ఆమె నిందితురాలి స్థానం నుంచి మనిషి స్థానానికి వచ్చేసింది.

ఆయన చివరి వాక్యంలో రెండు భాగాలున్నాయి. శిక్ష వేయననడం ముందు, పాపం మానమనడం తర్వాత. ఆ వరస తిరగేసి చూడండి. పాపం మానితే శిక్ష వేయనన్నట్టు అవుతుంది. అవే మాటలు, కానీ బేరంగా మారిపోయాయి. ఆమె ఆ వాకిలి దాటేటప్పుడు నెత్తిన ఒక షరతు మోసుకుంటూ వెళుతుంది. ఒక్క తప్పటడుగు పడితే మళ్లీ రాళ్ల నడుమకే. పోనీ, రెండో భాగం తీసేసి చూడండి. జరిగిందేదో జరిగింది, ఇంటికి వెళ్లు అన్నట్టవుతుంది. వినడానికి మెత్తగానే ఉంటుంది. కానీ ఆమె జీవితం మారుతుందన్న ఆశ ఆయనకు లేనట్టే కదా. ఎవరి మీద మనకు నమ్మకం పోతుందో వాళ్లనే మనం ఏమీ అనకుండా వదిలేస్తాం. పాపాన్ని పాపమని చెప్పడమే ఆమెకు ఆయన ఇచ్చిన గౌరవం. నువ్వు ఇంతకంటే పెద్దదానివి అని చెప్పడం అది. క్షమ ముందు నడిచి దారి తీసింది, ఆ దారిలోకి ఆజ్ఞ వచ్చింది. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో అధ్యాయాల తరబడి వాదించిన క్రమం ఇదే. ఇక్కడ అది ఒక్క ఊపిరిలో జరిగిపోయింది.

ఈ ఘట్టాన్ని గీసిన చిత్రకారులు చాలామంది. వాళ్లలో ఇద్దరి దగ్గర నా మనసు ఆగుతుంది.

మొదటివాడు పీటర్ బ్రూగెల్. లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉన్న ఆయన చిత్రం నిలువు 24 సెంటీమీటర్లు, అడ్డం 34. తెరిచిన పుస్తకమంత ఓక్ చెక్క. తేదీ 1565. అదే సంవత్సరం ఆయన పండిన గోధుమచేను పసుపునీ, మంచు మీద వేటగాళ్ల వెనక ఆకాశపు ఆకుపచ్చనీ ఋతుచిత్రాల వరసలో గీశాడు. రంగుల మీద అంత అధికారం ఉన్న మనిషి, ఈ చిత్రం దగ్గరికి వచ్చేసరికి రంగులన్నీ వదిలేశాడు. అంతా బూడిదవర్ణమే, దాని ఛాయలే. మొదట చూసినవాళ్లకు రాతి మీద చెక్కిన బొమ్మ అనిపిస్తుంది. కాసేపు చూస్తే ఆ పేదరికం ఎందుకో అర్థమవుతుంది. ఎర్ర అంగీ వేస్తే అధికారం కనిపిస్తుంది, నీలం కప్పితే పవిత్రత కనిపిస్తుంది, పట్టుబడ్డ స్త్రీకి ఏ రంగు వేసినా చూపరి ముందే ఒక తీర్పుకు వచ్చేస్తాడు. బ్రూగెల్ ఎవరికీ ఆ అవకాశం ఇవ్వలేదు. నిందించేవాళ్లదీ, నింద పడినదీ, శిష్యులదీ, క్రీస్తుదీ అందరిదీ ఒకే మన్ను. తేడా అంతా వెలుగులోనే. వెనక గుంపు చీకట్లోకి కలిసిపోతుంటుంది. నడుమ ఆమె నిలబడి ఉంటుంది. ఆమె ముందు క్రీస్తు నేలకు వంగి రాస్తుంటాడు.

బ్రూగెల్ ఆ నేల మీద అక్షరాలు కూడా గీశాడు, తన ప్రాంతపు డచ్చి భాషలో. పాపం లేనివాడు అన్నంత వరకూ ఉండి ఆ వాక్యం పూర్తికాకుండా ఆగుతుంది. సువార్త వదిలిన ఖాళీని పూరించకూడదని పైన నేనే అన్నాను. బ్రూగెల్ పూరించాడు. అయినా ఆయన మీద నాకు కోపం రాదు. ఆయన రాయించింది ఎవరి పాపాల జాబితానో కాదు, క్రీస్తు నోట రాబోయే మాటనే, అదీ సగమే. మిగతా సగం చదివేవాడి అంతరాత్మలో పూర్తికావాలి. ఆ కాలాన్ని తలుచుకుంటే అలా ఎందుకు చేశాడో బోధపడుతుంది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పాలనలో నెదర్లాండ్స్ అప్పుడు మతద్వేషంతో ఉడుకుతోంది. మతభ్రష్టులన్న పేరుతో మనుషులను చంపుతున్నారు. మరుసటి ఏడు, 1566 వేసవిలో, మరో పక్షంవాళ్లు చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టారు. 1567లో ఫిలిప్ పంపిన ఆల్బా ప్రభువు సైన్యంతో వచ్చాడు. సత్యం మాదేనని రెండు వైపులా రాళ్లు పట్టుకున్న నేలలో, ఆ నేల భాషలోనే బ్రూగెల్ ఆ సగం వాక్యం రాశాడు. అందుకే ఆ అక్షరాలు ఏ పక్షానికీ చెందవు.

ఈ చిత్రాన్ని ఆయన అమ్మలేదు. 1569లో చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత అది చిన్న కొడుకు యాన్‌కు చేరింది. యాన్ 1625లో పోతూ దాన్ని మిలాన్ కార్డినల్ ఫెడెరికో బొరొమేయోకు రాసిచ్చాడు. కార్డినల్ ఒక నకలు గీయించుకుని అసలును ఆ కుటుంబానికే తిరిగి పంపించాడు. ఈ చివరి ముక్క చదివినప్పుడల్లా నాకు ఆ కార్డినల్ మీద ప్రేమ పుడుతుంది. బొమ్మలోని మర్యాద ఆయనకు అర్థమైంది.

రెండోవాడు రెంబ్రాంట్. 1644 నాటి ఆయన చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1824లో ఆ గ్యాలరీ పుట్టినప్పుడు కొన్న మొదటి చిత్రాల్లో అదొకటి. బ్రూగెల్ వదిలేసిన రంగంతా ఇక్కడ బంగారమై తిరిగొచ్చింది. పైన చీకట్లో దేవాలయపు గద్దె, స్తంభాలు, పూజారుల వైభవం మసకగా మెరుస్తుంటాయి. కింద మెట్ల మీద తెల్లటి బట్టల్లో ఆమె మోకరించి ఉంటుంది. నల్లంగి తొడిగిన మనిషి ఆమెను చూపిస్తూ ప్రశ్న అడుగుతున్నాడు. క్రీస్తు ఇంకా వంగలేదు. నిలబడి వింటున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లందరికంటే ఒక తల ఎత్తుగా. రెంబ్రాంట్ ఎంచుకున్నది ప్రశ్నకూ మౌనానికీ మధ్యనున్న రెప్పపాటు. వెలుగు ఎక్కువగా పడింది క్రీస్తు మీద కాదు, ఆమె మీద. పాపం దాచే చీకటి కాదది, తప్పును వెతికే దివిటీ కూడా కాదు. ఆ వెలుగులో ఆమె స్పష్టంగా కనిపిస్తుంది, భద్రంగానూ ఉంటుంది. కృపాసత్యాలు కలిస్తే ఎలా ఉంటుందని అడిగితే ఆ తెల్లటి మరకను చూపిస్తాను. అయినా ఒక ఫిర్యాదు ఉంది. క్రీస్తును అంత ఎత్తుగా నిలబెట్టడం వల్ల, ఆమె కంటే కిందికి దిగిన దేవుడు ఈ చిత్రంలో లేడు. ఆ ఒక్క విషయంలో చిన్న చెక్క మీది బూడిద బొమ్మదే పైచేయి.

ఈ పన్నెండు వచనాలు మన దాకా రావడమే ఒక కథ. యోహాను సువార్తకు మనకు దొరికిన అతి ప్రాచీన పాపిరస్ ప్రతుల్లో ఇవి లేవు. నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లోనూ లేవు. ఐదో శతాబ్దానిదిగా చెప్పే బేజా ప్రతిలో ఉన్నాయి. కొన్ని గ్రీకు ప్రతుల్లో లూకా సువార్త ఇరవై ఒకటో అధ్యాయం చివర కనిపిస్తాయి. అసలు యోహాను రాసింది కాకపోవచ్చని ఎక్కువమంది పండితుల మాట. పాత జ్ఞాపకమేదో సంఘంలో తిరుగుతూ తిరుగుతూ ఇక్కడ చోటు చేసుకుందంటారు. ఈ అనిశ్చితిని చూసి భయపడనక్కర్లేదు. సంఘ పితరుడు అగస్టీను అయితే ఇంకో మాట చెప్పాడు. తమ భార్యలకు పాపం చేయడానికి అనుమతి దొరుకుతుందేమోనని భయపడ్డ అల్పవిశ్వాసులు ఈ ఘట్టాన్ని తమ ప్రతుల్లోంచి తీసేశారట. అది నిజమో కాదో నిర్ణయించడం కష్టం. కానీ ఆ భయం మాత్రం నిజం, ఇప్పటికీ ఉంది. క్షమించడం ఎప్పుడూ సత్యానికి ప్రమాదంలా కనబడుతుంది.

దానికి జవాబు చాలా ముందే ఉంది. మూడో శతాబ్దంలో సిరియా ప్రాంతంలో పుట్టిన డిడస్కాలియా అనే గ్రంథం సంఘాన్ని ఎలా నడపాలో బిషప్పులకు చెప్పే పుస్తకం. పశ్చాత్తాపపడి వచ్చినవాళ్లను ఎలా చేర్చుకోవాలో చెబుతూ అది ఈ కథనే ఎత్తుకుంది. ఈ ఘట్టం తొలి రోజుల్లో కనిపించేది కావ్యవిమర్శలో కాదు, చిత్రశాలలో కాదు, సంఘ పెద్దల చేతిపుస్తకంలో. అందుకే దీన్ని అందంగా ఉందని మెచ్చుకుని వదిలేయడం దీనికి ద్రోహం. ఈ అందం ఆచరణ కోసమే పుట్టింది.

అందుకని మన సంఘాల గురించి ఒక మాట. మన పల్లె సంఘాల్లో ఎవరైనా తప్పు చేశారంటే పెద్దలు కూర్చుంటారు, పాస్టరుగారు కూర్చుంటారు, కొన్నాళ్లు ప్రభువు బల్ల నుంచి ఆపుతారు. క్రమశిక్షణ అవసరం లేదని నేను అనను. తప్పును తప్పు అనని సంఘంలో దెబ్బతిన్నవాళ్లకు చోటుండదు. కానీ నేను చూసినంతలో ఆ బల్ల నుంచి లేచి వెళ్లేది ఎక్కువగా ఆడపిల్లే. అబ్బాయి ఆ ఆదివారం గిటారు వాయిస్తూ కనిపిస్తాడు. రెండువేల ఏళ్ల క్రితం ఆ ప్రాంగణానికి రాని మనిషి ఇంకా రాలేదు. ఇంకో పక్కన పట్నాల్లో వేరే రోగం. కానుకలు బాగా ఇచ్చే కుటుంబంలో ఏం జరిగినా పెద్దలకు కృప గుర్తొస్తుంది. భార్యను కొట్టినవాడికీ కృపే, సంఘం డబ్బు తిన్నవాడికీ కృపే, పోనీలే అనడమే ప్రేమ అన్నట్టు. దెబ్బలు తిన్న భార్యకు మాత్రం క్షమించమ్మా అన్న వాక్యం. సత్యాన్ని తీసేసి ఇచ్చే కృప బలహీనుల మీద పడే ఇంకో రాయి. రెండు రోగాలూ ఒకటే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. రెండు చోట్లా పెద్దలు వంగలేదు.

వంగి చూపించినవాళ్లు లేకపోలేదు, మన పొరుగు రాష్ట్రంలోనే కనిపించారు. 1999 జనవరిలో ఒడిశా కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన కొడుకులు ఫిలిప్, తిమోతిలనూ సజీవ దహనం చేశారు. బారిపదలో కుష్ఠురోగుల సేవలో ఆయన ఏళ్లు గడిపాడు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పింది. ఆ ఊళ్లోనే ఉండి ఆ రోగుల సేవ కొనసాగించింది. 2005లో పద్మశ్రీ వచ్చింది. ఆమె మాటను దేశమంతా మెచ్చుకుంది, కానీ అందులోని రెండో సగాన్ని తక్కువమంది గమనించారు. జరిగింది నేరం కాదని ఆమె ఎన్నడూ అనలేదు. న్యాయస్థానాలు తమ పని తాము చేశాయి, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. ఆమె క్షమ ఆ విచారణకు అడ్డు రాలేదు, ఆ విచారణ ఆమె క్షమను చిన్నబుచ్చలేదు. ద్వేషాన్ని దించుకున్న మనిషి నిజాన్ని దించుకోవాల్సిన పని లేదని ఆమె బతికి చూపించింది.

సంఘ పెద్దలకు నా విన్నపం ఒకటే. ఇకపై ఎవరినైనా పిలిచి నిలబెట్టే రోజున, మాట్లాడటానికి ముందు ఈ పన్నెండు వచనాలూ మొదటి నుంచి చివరిదాకా పైకి చదవండి. చివరి మాట ఒక్కటే ఏరుకుని చదవకండి. ఆ రెండో మనిషిని కూడా పిలవండి. విచారణ తలుపులు వేసి జరపండి.